పడవలో ఎంతమంది? అమ్మ ప్రశ్నలతో మా క్రూయిజ్ ప్రయాణం

కోనసీమ వాళ్లకి నీళ్లంటే భయం ఉండదని బయటివాళ్లు అనుకుంటారు. మా ఇంట్లో చూస్తే అది సగమే నిజం.

నాన్నగారు ముప్పై ఏళ్లు సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి, వశిష్ఠ గోదావరి దాటి, నరసాపురంలో ఉద్యోగం చేసొచ్చారు. నది ఎర్రగా పొంగుతున్నా సరే, పంటు మీద నిలబడి పేపరు చదువుకునే రకం ఆయన. అమ్మ అలా కాదు. అదే నరసాపురం వెళ్లాలంటే చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరిగి బస్సులో వెళ్తుంది గానీ పంటు ఎక్కదు.

అలాంటి ఇద్దరికీ కలిపి నేనూ తమ్ముడూ ఇచ్చిన బహుమతి క్రూయిజ్. నాన్నగారి రిటైర్మెంట్‌కి. వైజాగ్‌లో ఎక్కి, పుదుచ్చేరి చూసి, చెన్నైలో దిగడం. మూడు రాత్రులు. వాళ్లతో నేను వెళ్లాలి.

నాన్నగారు వినగానే "ఆయ్, ఓడ ప్రయాణమే!" అని వీధి అరుగు మీదకెళ్లి నలుగురికీ చెప్పేశారు. అమ్మ మాత్రం ఒకే ఒక్క ప్రశ్న వేసింది.

"అందులో ఎంతమందిని ఎక్కిస్తారే? ఎవరన్నా లెక్కపెడతారా?"

ఆ ప్రశ్న ఎక్కడిది?

1986 ఆగస్టులో గోదావరికి వచ్చిన వరద గురించి మీ ఇంట్లో పెద్దవాళ్లని అడగండి. లంక గ్రామాలు మునిగిపోయాయి. అప్పుడు అమ్మకి పదకొండేళ్లు. ఇంటి కప్పు మీద ఒక రాత్రంతా కూర్చున్నాక తెల్లారి పడవ వచ్చింది. వచ్చిన పడవ మళ్లీ వస్తుందో రాదో తెలీదు కాబట్టి అందరూ దాంట్లోనే ఎక్కేశారు. అంచుకీ నీళ్లకీ మధ్య జానెడు కూడా లేదట. అమ్మ చేతికి ఒక చెంబు ఇచ్చి లోపలికి వస్తున్న నీళ్లు తోడమన్నారు. ఒడ్డు చేరేదాకా తోడుతూనే ఉంది. ఎంతమంది ఎక్కారో ఎవరికీ తెలీదు, ఎవరూ లెక్కపెట్టలేదు.

2019 సెప్టెంబరు 15న దేవీపట్నం దగ్గర కచ్చులూరులో రాయల్ వశిష్ఠ బోటు మునిగినప్పుడు అమ్మ టీవీ ముందు నుంచి లేవలేదు. పాపికొండలు చూడ్డానికి బయల్దేరిన టూరిస్టులు వాళ్లు. నదిలో ఆ రోజు ఐదు లక్షల క్యూసెక్కుల వరద. చుట్టుపక్కల గిరిజన గ్రామాల వాళ్లు సొంత పడవలేసుకుని వెళ్లి 26 మందిని కాపాడారు. మునిగిన బోటుని ధర్మాడి సత్యం గారి బృందం అక్టోబరు 22న బయటికి లాగింది. అన్నిటికంటే అమ్మకి బాగా గుర్తుండిపోయింది వేరే విషయం. బోటులో ఎంతమంది ఉన్నారన్న దాని మీద రోజుల తరబడి రకరకాల లెక్కలొచ్చాయి. చివరికి 77 అని తేలింది.

కాబట్టి అమ్మ భయాన్ని నవ్వి కొట్టిపారేసే ఉద్దేశం నాకు లేదు. "నువ్వు అడగాలనుకున్నవన్నీ అడుగు, నేను సమాధానాలు వెతుకుతా" అన్నాను. ఫోన్ నోట్స్‌లో ఒక లిస్టు మొదలైంది. పేరు 'అమ్మ ప్రశ్నలు'. రెండు వారాల్లో 31 ప్రశ్నలయ్యాయి. క్రూయిజ్ ప్రిపరేషన్ మీద నేను చూసిన ఏ రీల్ కంటే ఆ లిస్టే ఎక్కువ పనికొచ్చింది. అందుకే మీకు చెప్తున్నాను.

మొదటి ప్రశ్న: లెక్క

వెతికితే సమాధానం దొరికింది. అవును, లెక్కపెడతారు. సముద్ర ప్రయాణాల భద్రతకి సోలాస్ అని ఒక అంతర్జాతీయ ఒప్పందం ఉంది. దాని ప్రకారం ప్యాసింజర్ ఓడ బయల్దేరే ముందు అందులో ఉన్న ప్రతి మనిషినీ లెక్కించాలి. చిన్నపిల్లలతో సహా. క్రూయిజ్‌లో మీ గది తాళం, గుర్తింపు కార్డు రెండూ ఒకటే కార్డు. ఎక్కినప్పుడు, దిగినప్పుడు దాన్ని స్కాన్ చేస్తారు. మధ్యలో ఊరు చూడ్డానికి దిగి మీరు తిరిగి రాకపోతే ఓడ వాళ్లకి తెలిసిపోతుంది.

ఈ ఒప్పందం ఊరికే రాలేదు. 1912లో టైటానిక్‌లో సుమారు 2,200 మంది ఉంటే లైఫ్‌బోట్లలో చోటు 1,178 మందికే. ఆ దుర్ఘటన తర్వాత 1914లో మొదటి సోలాస్ పుట్టింది. ఇప్పుడు దూర ప్రయాణాలు చేసే పెద్ద ప్యాసింజర్ ఓడల్లో అందరికీ సరిపడా లైఫ్‌బోట్లు, రాఫ్టులు ఉండాలి. అవి కాక అదనంగా కొన్ని రాఫ్టులు కూడా.

మేం ఎక్కబోయే ఓడ గురించి కూడా చూశాను. పేరు ఎంప్రెస్. 1990లో నార్డిక్ ఎంప్రెస్ పేరుతో రాయల్ కరీబియన్ కంపెనీలో మొదలై, 2021లో కార్డీలియా క్రూయిజెస్ కింద మన దేశానికి వచ్చింది. 11 అంతస్తులు, 200 మీటర్లకు పైగా పొడవు. 2022 జూన్‌లో వైజాగ్ నుంచి మొదటిసారి బయల్దేరింది. వైజాగ్ పోర్టులో క్రూయిజ్ టెర్మినల్ 2023 సెప్టెంబరులో ప్రారంభమైంది. ఇదంతా చదివి వినిపిస్తే అమ్మ కాసేపు ఆలోచించి, "సరే, రెండో ప్రశ్న" అంది.

మందుల సంచి చేతిలోనే

అమ్మకి ఎనిమిదేళ్లుగా షుగర్, ఇన్సులిన్ వేసుకుంటుంది. నాన్నగారికి బీపీ. అమలాపురంలో ఎప్పుడూ చూపించుకునే డాక్టరు గారి దగ్గరికి ప్రయాణానికి మూడు వారాల ముందే వెళ్లాం. అక్కడ తెలుసుకున్నవి:

• మందులు ప్రయాణం రోజులకి సరిపడా కాకుండా ఇంకో నాలుగైదు రోజులకి ఎక్కువ తీసుకెళ్లాలి. వానాకాలంలో ఓడ, రైలు ఏదైనా ఆలస్యం కావచ్చు.

• పెద్ద సూట్‌కేసులు టెర్మినల్‌లో తీసేసుకుంటారు, గదికి చేరడానికి గంటలు పడుతుంది. కాబట్టి మందులు, ఇన్సులిన్, షుగర్ చూసుకునే మెషిన్ చేతి సంచిలోనే ఉండాలి. ప్రిస్క్రిప్షన్ కాగితం, దాని ఫొటో ఫోన్‌లో.

• ఇన్సులిన్ గడ్డకట్టకూడదు, ఎండకి వేడెక్కకూడదు. గదిలో ఫ్రిజ్ ఉందా, అది సరిగ్గా చల్లబడుతుందా అని ముందే అడగాలి.

• అన్నిటికంటే ముఖ్యమైనది అమ్మే అడిగింది: "డాక్టరు గారూ, వాంతులై తినలేకపోతే ఇన్సులిన్ వేసుకోనా, మాననా?" ఆయన పెన్ను తీసి ఎంత వేసుకోవాలో, ఎప్పుడు చూసుకోవాలో, ఎంత తగ్గితే ఏం చెయ్యాలో కాగితం మీద రాసిచ్చారు. ఇది మనిషిని బట్టి మారుతుంది. మీ ఇంట్లో షుగర్ ఉన్నవాళ్లుంటే మీ డాక్టరునే అడిగి రాయించుకోండి.

కడుపులో తిప్పడం గురించీ అడిగాం. సముద్రం మీద కళ్లు ఒకటి చెప్తాయి, చెవి లోపలి బ్యాలెన్స్ ఇంకోటి చెప్తుంది. ఆ రెండిటికీ పొసగక తల తిరుగుతుంది, వికారం వస్తుంది. దీనికి మాత్రలున్నాయి గానీ తల తిరగడం మొదలయ్యాక కంటే ముందు వేసుకుంటేనే బాగా పనిచేస్తాయి. కొన్ని బాగా నిద్ర తెప్పిస్తాయి. వేరే మందులు వాడేవాళ్లు సొంతంగా కొనుక్కుని వేసుకోకూడదు.

గది ఎంపికలో కూడా కిటుకుంది. ఓడ మధ్యభాగంలో, కింది అంతస్తుల్లో ఊపు తక్కువ. పైన, ముందు చివర ఎక్కువ. మేం మధ్యలో, కింద, కిటికీ ఉన్న గది తీసుకున్నాం. కిటికీ అమ్మ కోరిక: "ఎటు పోతున్నామో కనపడాలి కదా."

గర్భిణులకి, నెలల పిల్లలకి చాలా క్రూయిజ్ కంపెనీల్లో పరిమితులుంటాయి. సాధారణంగా 24 వారాలు దాటితే ఎక్కనివ్వరు. ఆరు నెలల లోపు పిల్లల్నీ అంతే. బుక్ చేసే ముందే చూసుకోండి. ఓడలో డాక్టరు ఉంటారు గానీ ఫీజు వేరు. సముద్రం మీద జరిగే వైద్యానికీ వర్తించే ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకుంటే మంచిది.

పూతరేకులు సరే, కర్పూరం వద్దు

అమ్మ సర్దిన మొదటి సంచిలో ఉన్నవి: ఆత్రేయపురం పూతరేకులు, ఆవకాయ సీసా, పులిహోర, అగరొత్తులు, కర్పూరం, చిన్న దీపపు కుంది, ఒక విద్యుత్ కెటిల్.

ఓడలో అన్నిటికంటే భయపడేది నిప్పుకి. పారిపోవడానికి వీధి ఉండదు కదా. అందుకే కర్పూరం, అగరొత్తులు, కొవ్వొత్తులు, ఇస్త్రీ పెట్టె, కెటిల్ లాంటివి గదిలోకి రానివ్వరు. ఇంట్లో వండిన తిండి కూడా సాధారణంగా ఒప్పుకోరు. సీలు వేసిన ప్యాకెట్లు పర్లేదంటారు. కంపెనీని బట్టి మారుతుంది కాబట్టి వాళ్ల లిస్టు చదవడమే దారి. పులిహోర రైల్లో తిన్నాం. పూతరేకుల పెట్టె సీలు తియ్యకుండా తీసుకెళ్లాం. కర్పూరం ఇంట్లోనే ఉండిపోయింది. "దేవుడికి అర్థమవుతుందిలే" అంది అమ్మ.

బట్టల్లో ముఖ్యమైనవి: జారని చెప్పులు, ఏసీకి ఒక శాలువా, డెక్ మీద గాలికి ఎగిరిపోకుండా ఉండే దుస్తులు. గుర్తింపు కార్డు అసలుది, జిరాక్సు రెండూ. మన దేశంలోని రేవుల మధ్య ప్రయాణానికి మామూలుగా ఆధార్ చాలు, విదేశీ రేవు ఉంటే పాస్‌పోర్టు కావాలి.

ఇంకో మాట మన కోనసీమ వాళ్లకి ప్రత్యేకంగా. అమలాపురానికి ఇంకా రైలు రాలేదు. రాజోలు నుంచి రాజమండ్రి బస్సు, అక్కణ్నుంచి వైజాగ్ రైలు. ఓడ మన కోసం ఆగదు. అందుకని ఒకరోజు ముందే వైజాగ్ చేరి లాడ్జిలో పడుకున్నాం.

ఏడు పొట్టి కూతలు, ఒక పొడవు

ఎక్కిన రోజు అందరూ ముందు బఫే వైపు పరిగెడతారు. అమ్మ మమ్మల్ని గదికి తీసుకెళ్లింది. తలుపు వెనక అంటించిన కాగితం చదివించింది. మన మస్టర్ స్టేషన్ ఏది, అంటే ప్రమాదం వస్తే మనం చేరాల్సిన చోటు. లైఫ్ జాకెట్లు అల్మరాలో మూడు ఉన్నాయా. మెట్లు ఎటు. లిఫ్టు వాడకూడదు కాబట్టి నాన్నగారి మోకాళ్లతో ఎన్ని మెట్లు ఎక్కాలి. అమ్మ నడిచి చూసొచ్చింది.

తర్వాత డ్రిల్. ఏడు పొట్టి కూతలు, ఒక పొడవాటి కూత వినిపిస్తే అది జనరల్ ఎమర్జెన్సీ సిగ్నల్. ప్రపంచమంతా ఇదే. వినగానే మస్టర్ స్టేషన్‌కి వెళ్లాలి. ఈ డ్రిల్ ఎందుకంత పట్టింపు అంటే, 2012 జనవరి 13న ఇటలీ దగ్గర కోస్టా కాంకోర్డియా అనే ఓడ రాళ్లకి గుద్దుకుని ఒరిగిపోయింది. 32 మంది చనిపోయారు. ఆ సాయంత్రమే ఎక్కిన వందల మందికి డ్రిల్ ఇంకా జరగలేదు, మర్నాడు పెట్టుకున్నారు. ఆ తర్వాత నిబంధన మార్చి, బయల్దేరే ముందో, బయల్దేరిన వెంటనేనో డ్రిల్ చెయ్యాలని 2015 నుంచి అమలు చేశారు.

మా పక్కన కొందరు కుర్రాళ్లు డ్రిల్‌లో సెల్ఫీలు తీసుకుంటున్నారు. నాన్నగారు కూడా "నీళ్లు నాకు కొత్తా?" అని గొణిగారు. అమ్మ జాకెట్ పట్టీలు ఎలా బిగించాలో సిబ్బందిని రెండుసార్లు చూపించమని అడిగింది. ఆ అమ్మాయి కార్డులు చూసి పేర్లు సరిచూసుకుంటుంటే అమ్మ నా చెయ్యి పట్టుకుని మెల్లగా అంది: "లెక్కపెడుతున్నారే."

ఓడలో ఏం చేస్తాం?

బోర్ కొడుతుందేమో అని నేను భయపడ్డాను. అస్సలు లేదు. ఈత కొలను, జిమ్, థియేటర్‌లో రాత్రి షోలు, పిల్లలకి ఆటల గది, ఎక్కడానికి రాతిగోడ లాంటి గోడ. రోజూ ఏ గంటకి ఎక్కడ ఏముందో చెప్పే షెడ్యూల్ ఉంటుంది. అన్నీ చేసెయ్యాలనుకుంటే సెలవులో కూడా ఆఫీసులా పరిగెత్తాలి. మేం రోజుకి రెండే ఎంచుకున్నాం. అమ్మకి పొద్దున్నే డెక్ మీద నడక, సాయంత్రం హౌసీ. హౌసీలో పక్క బల్ల మీద ఉన్న భీమవరం పిన్నిగారితో స్నేహం కుదిరింది. ఇద్దరూ కలిసి సగం ఓడకి పూతరేకులు పంచారు.

ఖర్చు మీద కన్నెయ్యండి. టికెట్‌లో గది, తిండి, చాలావరకు వినోదం వచ్చేస్తాయి. మందు, స్పా, వైఫై, క్యాసినో, రేవులో టూర్లు వేరే. డబ్బు చేతిలోంచి పోదు, కార్డు గీకుతారు కాబట్టి పోతున్నట్టు తెలీదు. ఫోన్ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టేయండి. తీరం దాటాక ఓడలోని శాటిలైట్ నెట్‌వర్క్‌కి ఫోన్ తగులుకుంటే బిల్లు వాచిపోతుంది. రీల్స్ కోసం రెయిలింగ్ ఎక్కి కూర్చోకండి. గాలి ఎప్పుడు ఎటు తోస్తుందో చెప్పలేం.

బఫే దగ్గర ఇంకో సంగతి. ఓడల్లో కడుపు జబ్బులు తేలిగ్గా పాకుతాయి, ముఖ్యంగా నోరోవైరస్. దానికి శానిటైజర్ అంతగా పనిచెయ్యదు, సబ్బుతో చేతులు కడుక్కోవాలి. అమ్మ మా ఇద్దర్నీ చిన్నపిల్లల్లా సింకు దగ్గరికి పంపేది.

రెండో రాత్రి

జులై బంగాళాఖాతం. నైరుతి గాలులు. రెండో రాత్రి పదింటికి ఓడ ఊగడం మొదలైంది. భోజనాల హాల్లో గ్లాసులు గలగలమన్నాయి. నేను అమ్మ వైపు చూశాను. 1986 గుర్తొస్తుందేమో, ఏడుస్తుందేమో అనుకున్నాను.

పడిపోయింది నాన్నగారు.

ముప్పై ఏళ్లు పంటు మీద పేపరు చదివిన మనిషి మంచం అంచు పట్టుకుని పాలిపోయారు. మాత్ర వద్దని పొద్దున్నే అనేశారు, గోదావరి మనిషికి మాత్రలేంటని. ఇప్పుడు వాంతులు. అంతకు అరగంట ముందే బీపీ మాత్ర వేసుకున్నారు. అది కడుపులో ఉందో, బయటికొచ్చేసిందో తెలీదు. "ఇంకోటి వేసుకుంటా" అని డబ్బా తీశారు.

"ఆగండి" అంది అమ్మ. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. "అడక్కుండా వెయ్యొద్దు." గదిలో ఫోన్ తీసి మెడికల్ సెంటర్ నంబరు నొక్కింది. ఆ నంబరు మొదటిరోజే కాగితం మీద రాసి అద్దానికి అంటించింది మరి. వీల్‌చెయిర్ పంపించారు. అక్కడ బీపీ చూశారు, రెండో మాత్ర వద్దన్నారు, వాంతులకి మందిచ్చి గంటసేపు పడుకోబెట్టారు. ఆ గంటలో అమ్మ తన షుగర్ చూసుకుంది. డాక్టరు గారు రాసిచ్చిన కాగితం తీసి, అందులో ఉన్నట్టే చేసింది. రాత్రి రెండింటికి గదికొచ్చాం. నాన్నగారు నిద్రపోయారు. అమ్మ కిటికీ దగ్గర కూర్చుంది.

"భయమేస్తోందా అమ్మా?" అన్నాను.

"వేస్తోంది. కానీ అప్పుడు ఏం చెయ్యాలో తెలీదు, చెంబు ఒకటే ఉంది. ఇప్పుడు తెలుసు" అంది.

పొద్దున్నకి సముద్రం నెమ్మదించింది. నాన్నగారు అల్లం టీ తాగి, డెక్ మీద కూర్చుని, దూరంగా ఆకాశం నీళ్లూ కలిసే గీతనే చూస్తూ కోలుకున్నారు. పుదుచ్చేరిలో దిగి ఫ్రెంచి వీధుల్లో తిరిగాం. చెన్నైలో దిగేటప్పుడు కార్డు స్కాన్ అయిన చప్పుడు విని అమ్మ నవ్వింది.

మన రేవుకి ఏం తెచ్చుకోవాలి?

ఈ ఓడ ప్రయాణం అందరికీ కుదరదు, అందరికీ అక్కర్లేదు కూడా. కానీ డిండిలో హౌస్‌బోటు, పాపికొండల లాంచీ, కోటిపల్లి రేవు, యానాం షికారు మనకి ఎప్పుడూ ఉండేవే. ఇక్కడే మనం అజాగ్రత్తగా ఉంటాం, ఎందుకంటే ఇవి 'మన నీళ్లు'. కచ్చులూరులో బయటపడ్డవాళ్లలో కొందరు చెప్పింది గుర్తుంచుకోండి. ఉక్కపోస్తోందని, భోజనాల వేళ అయిందని చాలామంది లైఫ్ జాకెట్లు విప్పేశారట.

పెద్ద ఓడలో రూల్సు మనల్ని కాస్తాయి. చిన్న పడవలో చాలాసార్లు మన నోరే మనల్ని కాయాలి. అమ్మ 31 ప్రశ్నల్లోంచి నాలుగు మీరు తీసుకోండి. ఈ పడవకి ఎంతమంది పరిమితి, ఇప్పుడు ఎంతమంది ఉన్నాం? జాకెట్లు అందరికీ ఉన్నాయా, పిల్లల సైజువి కూడా? నదిలో వరద ఎంతుంది, ఈరోజు అనుమతి ఉందా? ఏమైనా అయితే ఎవరికి ఫోన్ చెయ్యాలి?

అడిగితే నవ్వుతారు. "గోదావరి జిల్లా వాళ్లయ్యుండి భయమేంటండీ" అంటారు. అననివ్వండి. జాకెట్ దిగేదాకా విప్పకండి. సమాధానం చెప్పడానికి తడబడితే ఎక్కకండి. ఇంకో పడవ వస్తుంది.